లిఫ్ట్ కిట్ కంటే ముందు కాటా

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం సెలవులు దగ్గరపడితే విజయవాడ, గుంటూరు కుర్రాళ్ళ చూపు లేహ్ మీదికి, స్పితి మీదికి పోతుంది. చలికాలం వస్తే జైసల్మేర్ ఇసుక దిబ్బలు, కచ్ రణ్. ఆ దారుల గురించి కథనాలు, రంగుల ఫొటోలు పత్రికల్లో బాగానే వస్తున్నాయి. బండిని ఎలా సిద్ధం చేసుకోవాలన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను), లైట్ బార్, వించ్ (తాడు చుట్టి బండిని లాగే మోటారు) అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తున్నారు. ఆటోనగర్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల పని చేసే మాకు ఆ వరుసే తలకిందులుగా కనిపిస్తోంది. కంటికి కనబడే వాటికి లక్షలు పోస్తున్నారు. రేడియేటర్ మూత, గాలి మీటరు, హౌసింగ్ బ్రీదర్ గొట్టం (ఇరుసులోని పళ్ళచక్రాల పెట్టె గాలి పీల్చే గొట్టం) లాంటి చిన్న వాటిని అడిగేవారే లేరు. కొండ మీద బండి ఆగిపోయేది ఈ చిన్న వాటివల్లే.

బండిని మొదట తీసుకెళ్ళాల్సింది యాక్సెసరీల కొట్టుకి కాదు, కాటాకి. మిర్చి లారీలు తూగే వేబ్రిడ్జి చాలు. ట్యాంకు నిండా పోయించి మొత్తం బండిని ఒకసారి, ముందు చక్రాలు మాత్రం కాటా మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలు మాత్రం ఉంచి ఒకసారి తూయించి మూడు చీటీలూ దాచుకోండి. ఓనర్ మాన్యువల్‌లో గరిష్ఠ బరువు అని రాసి ఉంటుంది. దానిలోంచి ఖాళీ బండి బరువు తీసేయగా మిగిలిందే మీరు వాడుకోదగ్గ బరువు. ఇది చాలామంది అనుకునేదానికన్నా బాగా తక్కువ. మారుతి జిమ్నీనే తీసుకోండి. గరిష్ఠం 1,545 కిలోలు, ఖాళీ బండి 1,200 కిలోల పైచిలుకు. మిగిలేది 340 కిలోలకు కాస్త అటూ ఇటూ. మనిషికి 70 చొప్పున నలుగురు ఎక్కితే 280 అక్కడే అయిపోయాయి. ఇక ఉన్నది 60 కిలోలు. ఇందులో బట్టలు, పనిముట్లు, నీళ్ళు అన్నీ సర్దాలి. కానీ షెడ్డుకి వచ్చి అడిగేవి చూడండి: ఉక్కు బంపరు 50 కిలోలు, వించ్ 30, ఉక్కు రూఫ్ ర్యాక్ 35, దాని మీద విప్పే గుడారం 60, రెండు 20 లీటర్ల ఇంధనం డబ్బాలు కలిపి 40. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టే ఇది.

బరువు పెరిగితే వచ్చే చేటు ఒక్కచోట ఆగదు. ఇసుకలో చక్రం లోతుగా దిగబడుతుంది. గుంట పడినప్పుడు స్ప్రింగు పూర్తిగా నలిగి బంప్ స్టాపు (స్ప్రింగు చివర ఆపే రబ్బరు దిమ్మ) మీద కొడుతుంది, ఆ దెబ్బ షాకప్‌ల మౌంటింగుల మీద పడి వెల్డింగు దగ్గర పగుళ్ళు వస్తాయి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేడెక్కేది కూడా బరువును బట్టే. రూఫ్ ర్యాక్ సంగతి మరీ అన్యాయం. చాలా బండ్లకు పైకప్పు మీద అనుమతి 100 కిలోలకు లోపే, అందులో ర్యాక్ సొంత బరువూ కలిసే ఉంటుంది. పైన బరువు ఉన్న బండి పక్కవాలు దారిలో పడిపోవడానికి ఎంతో సేపు పట్టదు. నీళ్ళ క్యాన్లు, పనిముట్ల పెట్టె లాంటి బరువైన సరుకంతా వెనక ఇరుసుకి ముందు, నేలకి దగ్గరగా, బెల్టుతో బిగించి ఉండాలి. దుప్పట్లు, గుడారం బట్ట లాంటి తేలికవి పైకి పోవచ్చు.

కాటా చీటీ చేతికి వచ్చాకే స్ప్రింగుల మాట. ప్రయాణంలో ఎప్పుడూ ఉండే బరువు 150 కిలోలు దాటితే దానికి సరిపడ్డ గట్టి కాయిల్ స్ప్రింగులు, వాటికి జతపడే షాకప్‌లు వేయించడం సబబే. కమాన్ పట్టీలున్న పాత జిప్సీ, బొలెరో అయితే పట్టీల మధ్య అరుగుదల చూసి, సెంటర్ బోల్టు, యూ బోల్టులు కొత్తవి వేసి, 500 కి.మీ. తిరిగాక మళ్ళీ బిగించాలి. బండి ఎత్తు పెంచడం వేరే సంగతి. 2 అంగుళాలు దాటి లేపితే ముందు చక్రాల డ్రైవ్ షాఫ్టుల కోణం పెరిగి సీవీ జాయింటు (చక్రం తిరుగుతూనే మళ్ళేలా చేసే కీలు) మీది రబ్బరు బూటు చిరుగుతుంది, అందులోకి ఇసుక పోతే జాయింటు టకటకమంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి క్రాస్ బేరింగులు త్వరగా అరుగుతాయి. ముందు కూడా రెండు చక్రాలకూ కలిపి ఒకే ఇరుసున్న బండికి క్యాస్టర్ (స్టీరింగును నేరుగా నిలిపే వాలు కోణం) తగ్గి హైవే మీద స్టీరింగు తేలిపోతుంది. బ్రేకు గొట్టాలు బిగుసుకుంటాయి, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలో పడతాయి. ఇన్ని సరిచేయించే ఓపిక లేకపోతే లిఫ్ట్ జోలికి వెళ్ళకండి. కంపెనీ ఇచ్చిన ఎత్తుతో, మంచి టైర్లతో, తక్కువ బరువుతో వెళ్ళిన బండి లేహ్ దారుల్లో ఎక్కడా తక్కువ కాదు.

చట్టం సంగతి కూడా ఇక్కడే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు, తయారీదారు ఇచ్చిన వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. ముందు బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్లు కూడదని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. దానికి కారణం ఉంది. గుద్దినప్పుడు ముందు భాగం నలిగే తీరును బట్టి ఎయిర్‌బ్యాగు తెరుచుకునే క్షణం లెక్కవేసి ఉంటారు. మధ్యలో ఉక్కు కడ్డీ పెడితే ఆ లెక్క తప్పుతుంది, ఎదురుపడ్డ మనిషికి దెబ్బా పెరుగుతుంది. మార్పులు బీమా కంపెనీకి చెప్పకపోతే క్లెయిము దగ్గర పేచీ వస్తుందన్నదీ మరవొద్దు.

ఇక టైర్లు. మా లెక్కన పెట్టే డబ్బులో మొదటి రూపాయి వీటికే దక్కాలి, అదీ సైజు పెంచడానికి కాదు. విజయవాడ నుంచి జైసల్మేర్ అయినా మనాలీ అయినా రెండు వేల కి.మీ.కి అటూ ఇటూ హైవే ప్రయాణం. మడ్ టెర్రెయిన్ (బురద కోసం చేసిన) టైర్లు వేసుకుంటే అంత దూరం హోరు, ఎక్కువ ఇంధనం, తడి రోడ్డు మీద పట్టు తక్కువ. పైగా మెత్తటి ఇసుకలో వాటి పెద్ద రబ్బరు గళ్ళు పైపైన తేలవు, తవ్వుకుంటూ పోతాయి. మట్టీ రాయీ ఇసుకా తారూ కలిసిన ఇలాంటి ప్రయాణానికి ఆల్ టెర్రెయిన్ టైరే తగినది. కంపెనీ ఆ మోడల్‌కు ఒప్పుకున్న సైజుల్లోనే ఉండటం క్షేమం. తయారీ తేదీ పక్కగోడ మీద నాలుగంకెల్లో ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అయిదేళ్ళు దాటిన స్టెప్నీని నమ్ముకుని స్పితి వెళ్ళకండి. స్టెప్నీ కూడా మిగతా నాలుగింటి సైజే కావాలి. చిన్న స్టెప్నీ వేసి ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక ఇరుసులకు బలం పంచే పెట్టె) మీద లోడు పడుతుంది.

టైరు ఏదైనా, ఇసుకలో పనిచేసేది గాలి తగ్గించడమే. 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరును 16కి దించితే అది అడ్డంగా ఉబ్బేది కొద్దిగానే, నేలను తాకే పొడవు బాగా పెరుగుతుంది. ట్రాక్టరు చెయిను చక్రంలా పరుచుకుంటుంది. రాళ్ళ కచ్చా దారిలో 26 చాలు. ఇసుక మొదలయ్యే చోట బండి ఆపి 18కి దించండి. బండి ఇంకా ఈడుస్తూ ఉంటే 15. కూరుకుపోయినప్పుడు మాత్రమే 12, అదీ బయటపడేంతవరకే. ఆ గాలితో స్టీరింగు గట్టిగా తిప్పితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడి వస్తుంది. 18 లోపు ఉన్నంతసేపూ 30 కి.మీ. వేగం దాటకూడదు. తిరిగి తారు తగలగానే నింపుకోవాలి. తక్కువ గాలితో హైవే మీద పరుగెత్తితే పక్కగోడ వంగి లేస్తూ లోపలే కాలిపోతుంది. బయటికి ఏమీ తెలియదు, మరో 100 కి.మీ. తర్వాత పేలుతుంది.

నింపడానికి సొంత కంప్రెసర్ కావాలి. మహీంద్రా థార్‌కి వచ్చే 255/65 ఆర్18 టైరులో సుమారు 70 లీటర్ల చోటు ఉంటుంది. 16 నుంచి 32కి తేవాలంటే ఒక్కోదానికి బయటి గాలి 75 లీటర్లు, నాలుగింటికి 300 లీటర్లు పట్టాలి. సిగరెట్ లైటర్‌లో గుచ్చే బుల్లి పంపు నిమిషానికి 15 లీటర్లు తోస్తే గొప్ప, నాలుగు టైర్లకి 20 నిమిషాలు దాటుతుంది, ఈలోగా అదే వేడెక్కి ఆగిపోతుంది. నిమిషానికి 70 లీటర్లు అని రాసి ఉన్నది తీసుకుని, దాన్ని బ్యాటరీకి నేరుగా క్లిప్పులతో తగిలించి, ఇంజను ఆన్‌లో ఉంచి వాడండి. అది 20 నుంచి 30 ఆంపియర్లు లాగుతుంది, లైటర్ సాకెట్ ఫ్యూజు సాధారణంగా 15 దాటదు. గాలి మీటరు మీదే ఒకటి ఉండాలి. బంకు బంకుకీ మీటర్లు మూడు నాలుగు పీఎస్‌ఐ తేడా చూపిస్తాయి. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టు, వించ్ ఉన్న బండిలో గాలి మీటరు లేకపోవడం మామూలైపోయింది.

ఎత్తుకి వెళ్ళేముందు అయిదు పీఎస్‌ఐ తగ్గించుకోండి, పైన టైర్లు ఉబ్బుతాయి అన్న సలహా వాట్సాప్‌లో ఏళ్ళ తరబడి తిరుగుతోంది. లెక్క వేసి చూడండి. విజయవాడలో 38 డిగ్రీల ఎండలో చల్లారిన టైరుకి 32 పెట్టారు. వాతావరణ ఒత్తిడి 14.7 కలిపితే లోపల ఉన్నది 46.7. అయిదు వేల మీటర్ల ఎత్తున తెల్లవారి సున్నా డిగ్రీలకి చేరితే చలికి అది 41కి తగ్గుతుంది. అక్కడ బయటి ఒత్తిడి 7.8 మాత్రమే, కాబట్టి మీటరు చూపేది 33. ఎత్తు పెంచిన దాన్ని చలి తినేసింది. మధ్యాహ్నం ఎండకి మరో మూడు నాలుగు పెరిగినా టైరుకి అదేమీ లెక్కలోది కాదు. పైన గాలి తీసేసి, కిందికి వచ్చాక నింపడం మరచి, నిండు బరువుతో నాగపూర్ హైవే మీద ఎండలో పరుగెత్తడమే అసలు ప్రమాదం.

ఎడారిలో తర్వాతి గండం ధూళి. టాల్కం పౌడరులా ఉండే ఆ దుమ్ము గీత పడేంత సందు దొరికినా లోపలికి పోయి పిస్టన్ రింగులను, టర్బో రెక్కలను అరగదీస్తుంది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచి, శుభ్రంగా ఉండాల్సిన వైపు గొట్టంలో తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకి మట్టి అంటితే ఫిల్టరు అంచు సరిగా కూర్చోలేదని అర్థం. అంచు రబ్బరుకి పలుచగా గ్రీజు రాస్తే చాలావరకు ఆగుతుంది. ప్రయాణంలో రోజూ సాయంత్రం ఫిల్టరు తీసి నెమ్మదిగా తట్టండి. గాలి కొట్టాల్సి వస్తే లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషరుతో కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి దిగుతుంది, ప్రెషరు ఎక్కువైతే కాగితం చిరుగుతుంది. నూనె పూసిన గుడ్డ ఫిల్టర్లు పందెం బండ్లకు సరే, ఎడారికి వద్దు. సన్నటి దుమ్మును వదిలేస్తాయి, నూనె ఎక్కువైతే గాలి సెన్సారు పాడవుతుంది.

స్నార్కెల్ (ఇంజనుకి గాలిని పైకప్పు ఎత్తు నుంచి తెచ్చే గొట్టం) బిగించుకున్న బండ్లలో సగం అలంకారమే. పైన గొట్టం ఉంటుంది, మడ్‌గార్డు లోపల ఫిల్టరు పెట్టెకి కలిసే జాయింటు వదులుగా ఉంటుంది, పెట్టె అడుగున నీళ్ళు కారే రంధ్రం తెరిచే ఉంటుంది. పైన ఎంత ఎత్తున్నా నీళ్ళు లోపలికి వచ్చేది ఇక్కడి నుంచే. బిగించాక గొట్టం నోరు అరచేత్తో మూయించి, ఇంజను ఐడిల్‌లో ఉంచండి. ఊపిరాడక ఆగిపోతే జాయింట్లు బాగున్నట్టు. ఆగకుండా నడుస్తుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది.

ఇసుకలో డ్రైవింగు గురించి క్లుప్తంగా. ఈఎస్‌పీ, ట్రాక్షన్ కంట్రోల్ (బండి జారకుండా చూసే కంప్యూటర్ ఏర్పాట్లు) ఆపేయండి, లేకపోతే చక్రం జారగానే అది పవరు కోసేస్తుంది. దిబ్బను నిటారుగా ఎక్కాలి, నిటారుగా దిగాలి, అడ్డంగా పోకూడదు. ఆగాల్సి వస్తే వాలు కిందికి ఉన్న చోటే ఆగాలి. బండి మునుగుతున్నట్టు తోచిన క్షణం యాక్సిలరేటర్ వదిలేయండి. ఇంకో రెండు తిప్పులు తిప్పితే హౌసింగు ఇసుక మీద కూర్చుంటుంది, ఇక పార పని ఒక గంట. ముందు, వెనక చక్రాల దారి తవ్వి, పొట్ట కింద ఇసుక తీసి, గాలి దించి, వచ్చిన దారినే రివర్సులో బయటికి రండి. ఆటోమేటిక్ బండి అయితే ఇసుకలో లో రేంజి (నిదానంగా, ఎక్కువ బలంతో లాగే ఫోర్ వీల్ గేరు) వాడటం నయం, గేరు ఆయిలు వేడెక్కదు. క్లచ్ బండి అయితే సగం పెడల్ మీద ఈడవకండి, పది నిమిషాల్లో క్లచ్ ప్లేటు వాసన వస్తుంది. ఎండుగడ్డి మీద నడిపాక బండి కింద తొంగిచూసి సైలెన్సరు దగ్గర ఇరుక్కున్న గడ్డి లాగేయాలి. బీఎస్6 డీజిల్ బండి డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) చేరిన మసిని కాల్చుకునే సమయంలో ఆ గొట్టం వేడికి గడ్డి అంటుకుంటుంది.

కొండల లెక్క వేరు. టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు పదో వంతు పవరు పోగొట్టుకుంటుంది. లేహ్ పైనున్న ఖార్దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు, అక్కడ సగం ఇంజనుతో నడుస్తున్నట్టే. బరువు తగ్గించమని మొదట అంత గట్టిగా చెప్పింది ఇందుకే. టర్బో డీజిల్‌కి ఈ బాధ తక్కువ, కానీ టర్బో గొట్టాల క్లిప్పులు వదులైతే పైన అది కూడా నల్లపొగే.

నీళ్ళు మరిగే వేడి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అయిదు వేల మీటర్ల దగ్గర తెరిచిన గిన్నెలో 83 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత లోపల 1.1 బార్ ఒత్తిడి నిలిపితే అదే ఎత్తున 114 దాకా మరగవు. మూత స్ప్రింగు సడలిందా, మరిగే వేడి మళ్ళీ 83 వైపు జారిపోతుంది. థర్మోస్టాట్ తెరుచుకునేది కూడా ఆ దరిదాపుల్లోనే. అంటే ఇంజను మామూలుగా వేడెక్కే సరికే కూలెంటు పొంగిపోతుంది. కొన్ని వందల రూపాయల మూతకి ఇంత పని ఉంది. అయిదేళ్ళ బండికి కొత్త మూత వేయించండి, గొట్టాలు చేత్తో నొక్కి చూడండి. మెత్తబడినవి, చివర్లు ఉబ్బినవి మార్చేయండి.

కూలెంటు కలిపే తీరు మన ఊళ్ళలో దారుణం. లీటరు సీసా పోసి మిగతా అంతా బోరు నీళ్ళు నింపేస్తారు. ఇక్కడ గడిచిపోతుంది, ఇక్కడ నీళ్ళు గడ్డకట్టవు కాబట్టి. సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. గ్లైకాల్ 30 శాతమే ఉంటే మైనస్ 15కే మంచు. నీళ్ళు మంచైతే వ్యాకోచించి రేడియేటర్‌నే కాదు, బ్లాకునూ పగలగొడతాయి. బోరు నీళ్ళలోని సున్నం సన్నటి దారుల్లో పేరుకుని ఎడారిలోనూ ఇంజను కాగేలా చేస్తుంది. పాతది పూర్తిగా వంపి, కడిగి, కొత్తది కలపాలి. రెడీమిక్స్ కొన్నారా, దాంట్లో మళ్ళీ నీళ్ళు కలపొద్దు.

డీజిల్ బండివాళ్ళకి మరో మాట. వేసవి ప్రయాణానికి మామూలు డీజిల్ చాలు. చలికాలం లద్దాఖ్‌లో మాత్రం మైదానంలో పోసిన డీజిల్‌లో మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది. మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని వింటర్ డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో అక్కడ విడుదల చేసింది. ట్యాంకు దాదాపు ఖాళీ చేసుకుని వెళ్ళి అక్కడ నింపుకోవడమే పద్ధతి. కిరోసిన్ కలపమనే పాత డ్రైవర్ల చిట్కా కామన్ రైల్ ఇంజనుకి విషం. ఆ పంపుకీ ఇంజెక్టర్లకీ డీజిల్ జిడ్డే కందెన, కిరోసిన్‌లో అది లేదు. డీఈఎఫ్ (పొగను శుభ్రపరిచే యూరియా ద్రవం) పోసే బండి అయితే ఆ ద్రవం మైనస్ 11కే గడ్డకడుతుందని తెలిసి ఉండాలి. మూడేళ్ళు నిండిన బ్యాటరీని బయల్దేరేముందు లోడ్ టెస్టు చేయించండి. మైనస్ 18లో మంచి బ్యాటరీ సత్తా కూడా దాదాపు సగానికి పడిపోతుంది. మనాలీ దాటాక తాండి బంకు దగ్గర తర్వాతి బంకు 365 కి.మీ. అన్న బోర్డు ఊరికే ప్రసిద్ధి కాలేదు. అదనపు ఇంధనం ఉక్కు డబ్బాలోనే, పైన కాస్త ఖాళీ వదిలి, నిలబెట్టి కట్టాలి. నీళ్ళ ప్లాస్టిక్ క్యానులో పెట్రోలు పోసుకుని వెళ్ళేవారికి చెప్పేదేముంది.

దిగుడు దారికి బ్రేకు ఆయిల్ కీలకం. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకున్నాక అదే 155కి దిగుతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు, పెడల్ నేలకి. రెండేళ్ళు దాటితే పూర్తిగా మార్పించి, నాలుగు చక్రాల దగ్గరా గాలి తీయించాలి. ఎక్కిన గేరులోనే దిగమన్నది లారీవాళ్ళ మాట, ఇప్పటికీ అదే నిజం. బాగా వాలుంటే ఫోర్ లో (ఫోర్ వీల్‌లో లో రేంజి), మొదటి గేరు వేసి, బ్రేకు మీద కాలు పెట్టకుండా దిగండి. అయితే పొడి తారు రోడ్డు మీద ఫోర్ హై (ఫోర్ వీల్‌లో మామూలు వేగం గేరు) వేసుకుని తిరగడం తప్పు. సెంటర్ డిఫరెన్షియల్ (ముందు వెనక ఇరుసులు వేర్వేరుగా తిరగనిచ్చే పళ్ళచక్రాల అమరిక) లేని బండ్లలో ముందు వెనక ఇరుసులు మలుపులో వేర్వేరు దూరాలు తిరగలేక షాఫ్టులు మెలిపడతాయి. లీవరు బిగుసుకుపోయి రానంటుంది. ఊళ్ళో తిరిగే బండిని నెలకోసారి కచ్చా నేల మీద ఫోర్ వీల్ వేసి వంద గజాలు నడపండి. ఏళ్ళ తరబడి వేయని బండ్లలో అవసరానికి అది పడదు.

నీళ్ళ సంగతి మన ఊరికి కొత్తగా చెప్పాలా? 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బండ్లలో ఎన్నింటినో నీళ్ళలోనే స్టార్ట్ చేసి కనెక్టింగ్ రాడ్లు వంచుకున్నారు. సిలిండరులోకి చేరిన నీళ్ళు గాలిలా నలగవు, పిస్టన్ పైకి రాబోతే రాడ్డే వంగుతుంది. కొండ వాగులోనూ అదే. ఇంజను నీళ్ళలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి, లాగించి బయట పెట్టాకే చూడాలి. లద్దాఖ్, స్పితి వాగులు మంచు కరిగే కొద్దీ మధ్యాహ్నానికి పొంగుతాయి, పొద్దున్నే దాటుకోవాలి. కొత్త థార్‌కి 650 మి.మీ., ఫోర్స్ గూర్ఖాకి 700 మి.మీ. లోతు వరకు కంపెనీ మాట ఇస్తుంది. అది కదలని నీళ్ళ లెక్క, పరుగెత్తే వాగుకి అందులో సగమే నమ్మండి.

వాగు దాటాక తెలియకుండా జరిగే నష్టం ఒకటుంది. ఎక్కి వచ్చి కాగి ఉన్న హౌసింగు చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. బ్రీదర్ రంధ్రం నీటిలో ఉంటే నీళ్ళనే పీలుస్తుంది. గేరు ఆయిల్ పాలలా తెల్లబడి క్రౌన్ పినియన్ (లోపలి పళ్ళచక్రాలు) తుప్పు పడుతుంది. దీనికి మందు 8 మి.మీ. రబ్బరు గొట్టం. ముందు, వెనక హౌసింగులు, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు బ్రీదర్లను ఇంజను గది పైభాగం దాకా తెచ్చి, చివర చిన్న ఫిల్టరు పెడితే సరి. ఇంత చవకైన రక్షణ ఈ పనిలో మరొకటి లేదు. సెకండ్ హ్యాండు ఫోర్ వీల్ బండి కొనేవారు కూడా హౌసింగు ఆయిల్ ప్లగ్గు విప్పించి రంగు చూడండి, వరదలో మునిగిన బండి అక్కడ దొరికిపోతుంది.

లాగే సామాను దగ్గర తప్పు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ట్రైలరు తగిలించే గుండు కొక్కేనికి తాడు వేసి కూరుకున్న బండిని కుదుపుతో లాగకూడదు. ఆ గుండు తెగితే తుపాకీ గుండే, ఆస్ట్రేలియాలో ఇలా మనుషులు చనిపోయారు. బంపరులో మరతో బిగించే కంపెనీ కొక్కెం నిదానంగా, నేరుగా లాగడానికే. ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన, బరువు రాసి ఉన్న కొక్కేలు ముందొకటి వెనకొకటి కావాలి. సాగే కైనెటిక్ తాడు బలం బండి నిండు బరువుకి రెండు మూడు రెట్లు ఉండాలి. 4.75 టన్నుల షాకిల్ (తాడును కొక్కేనికి కలిపే పిన్నున్న ఉక్కు కొలికి) రెండు. షాకిల్ పిన్ను పూర్తిగా బిగించి పావు తిప్పు వెనక్కి తిప్పండి, లేకపోతే లోడు పడ్డాక విప్పలేరు. తాడు మధ్యలో మందపాటి తడి గోనె వేసి, చూసేవాళ్ళను తాడు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరం నిలబెట్టండి. రెండు బండ్లు కలిసి వెళ్తున్నప్పుడు వించ్ దండగ. రెండు ఇసుక పలకలు, ఒక పొట్టి పార, జాకీ కింద పెట్టడానికి 40 సెం.మీ. చదరపు ప్లైవుడ్ ముక్క చాలు. ఎత్తుగా లేపే కడ్డీ జాకీ ప్లాస్టిక్ బంపరున్న బండ్లకు పట్టే చోటే ఉండదు, అయినా వెనక తలుపు మీద వేలాడుతూ ఉంటుంది.

అదనపు లైట్లు కావాలంటే హెడ్‌లైట్ వైరును కోసి కలపకండి. 60 వాట్ల లైట్లు రెండు కలిపి 10 ఆంపియర్లు లాగుతాయి. 2.5 చదరపు మి.మీ. వైరు, రిలే, బ్యాటరీకి జానెడు దూరంలో 15 ఆంపియర్ల ఫ్యూజు. రోడ్డు మీద వాటికి మూత వేసి ఉంచాలి.

డిక్కీలో ఉండాల్సినవి: ఫ్యాన్ బెల్టు, రేడియేటరు పై గొట్టం కింది గొట్టం, కలిపిన కూలెంటు రెండు లీటర్లు, ఇంజను ఆయిల్ రెండు లీటర్లు, సీలు తీయని బ్రేకు ఆయిల్ అర లీటరు, డీజిల్ ఫిల్టరు ఒకటి, ఎయిర్ ఫిల్టరు ఒకటి, ఫ్యూజులు, పంక్చరు పురుగులు (ట్యూబ్‌లెస్ టైరు రంధ్రంలో దూర్చే రబ్బరు పోగులు) పది, వాల్వు పిన్నులు నాలుగు. పక్కగోడ చిరిగిన టైరుకి పురుగు పనిచేయదు కాబట్టి ఆ సైజు ట్యూబు కూడా ఒకటి. అల్లాయ్ చక్రాలకు దొంగ భయం నట్టు ఉంటే దాని తాళం నట్టు ఎక్కడుందో ఇంట్లోనే వెతుక్కోండి. అది లేక స్టెప్నీ ఉండీ రోడ్డు పక్కన కూర్చున్నవాళ్ళు లెక్కకు మిక్కిలి.

పని పూర్తయ్యాక నేరుగా మనాలీకి బయల్దేరకండి. నిండు బరువు వేసి 500 కి.మీ. తిప్పి తీసుకురండి. సస్పెన్షన్, స్టీరింగు, ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టులన్నీ మాన్యువల్‌లోని టార్కుకి బిగించి, నట్టు మీదుగా బోల్టు మీదికి తెల్ల పెయింటుతో గీత గీయించండి. గీత విరిగితే ఆ నట్టు కదిలినట్టే. ప్రయాణంలో రోజూ పొద్దున బండి చుట్టూ ఒక తిరుగుడు, టార్చితో కింద ఒక చూపు చాలు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 50 నుంచి 100 కి.మీ. లోపల నట్లు మళ్ళీ చూడాలి.

సాధన కోసం సూర్యలంక ఇసుకలోకి బండ్లు దింపడం మాత్రం మానుకోవాలి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. బండికి కూడా ఉప్పునీళ్ళు మంచివి కావు, బ్రేకు పైపులు, ఛాసిస్ మడతలు ఏడాది తిరిగేసరికి తుప్పు పడతాయి. కొండపల్లి రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవడమూ నేరమే. కోత అయ్యాక ఎవరి పొలం గట్టునో, క్వారీ పక్క బీడునో యజమానిని అడిగి సాధన చేస్తే సరిపోతుంది.

మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. ఏ మార్పుకి రవాణా శాఖ అనుమతి కావాలో, ఏది అక్కర్లేదో, ఏది అసలే కూడదో తెలుగులో ఒక జాబితా రాసి ప్రతి ఆర్టీవో కార్యాలయం గోడ మీద అంటించాలి. దాని నకలు ఆటోనగర్‌లో కూడా పెడితే మాకు కస్టమర్లతో వాదన తప్పుతుంది. రెండోది మా సాటి వ్యాపారులకు: బంపరు, ర్యాక్, గుడారం, వించ్ ఏది అమ్మినా బిల్లు మీద ధర పక్కన దాని బరువు కూడా కిలోల్లో రాయండి. కొనేవాడు ఆ కాగితాలన్నీ కూడుకుని కాటా చీటీతో పోల్చి చూసుకుంటాడు.

ఇట్లు,
ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల మెకానిక్కులు కొందరు,
ఆటోనగర్, విజయవాడ.